సబ్బుపెట్టెకు గౌరవ వీడ్కోలు

చెడిపోయిన వస్తువును పారేయడం ఎవరికైనా చేతనవుతుంది. చక్కగా పనిచేస్తున్న వస్తువును, దూరం నుంచే, చెయ్యి తగలకుండా, మర్యాదగా పనికిరాకుండా చేయడం మాత్రం మానవజాతి ఎంతో పరిశోధించి సాధించిన విద్య. ఆ విద్య ముత్తుకూరులో మా ఇంటికి చేరే వేళకు మేము ఏసీ గురించి పోట్లాడుకుంటున్నాం. పోట్లాట అప్పటికే మధ్యలో ఉంది.

ఏసీని మా అత్తగారు జయశీలమ్మ గుండెదడ కోసం కొన్నాం. మా ఆయన జడ్సన్ దాన్ని కంప్యూటర్ గదిలో బిగించాడు.

"నాకు చెమట పడితే నీకు పట్టదు. దానికి పడితే ప్రాణం పోతాది," అన్నారు అత్తగారు.

"నువ్వయితే తుడుచుకుంటావు మా. దానికి ఉప్పుగాలి తగిలితే తుప్పు పడతాది. మన కూడు దాంట్లోనే ఉండాది."

"కూడు పొయ్యి మీద ఉంది," అన్నాను నేను. నా మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కంప్యూటర్‌ను మా అమ్మాయి మెర్లిన్ పలక పట్టిన ఏడాది కొన్నాం. మెర్లిన్ ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. కంప్యూటర్ మాత్రం అక్కడే ఆగింది. ఆగడమే దాని గొప్పతనం.

మా ఆయన రొయ్యల గుంటలకు కంట్రోల్ పెట్టెలు చేస్తాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు గుంటలో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరగడం మొదలుపెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చి పైకి తేలతాయి. అందుకని మా పెట్టె వాటిని ఆగి ఆగి, ఒకదాని తరవాత ఒకటి లేపుతుంది. పెట్టెలో చింతగింజంత చిప్పు ఉంటుంది. ఎంతసేపు ఆగాలో ఆ చిప్పుకు ఎక్కించడానికి సబ్బుపెట్టెలాంటి పరికరం ఒకటుంది. ఆ సబ్బుపెట్టె మాట కంప్యూటర్‌లోని ఒకే ఒక్క పాత సాఫ్ట్‌వేర్‌కు అర్థమవుతుంది.

ఆ సబ్బుపెట్టెకు ఇక మద్దతు ఇవ్వబోమని కంపెనీ ప్రకటించింది. కొత్త సాఫ్ట్‌వేర్ పాత సబ్బుపెట్టెను గుర్తుపట్టదు. కొత్త సబ్బుపెట్టె కొనుక్కోవచ్చు, అది పాత చిప్పును గుర్తుపట్టదు. కొత్త చిప్పు కొనుక్కోవచ్చు, అది పాత బోర్డులో కూర్చోదు. (రొయ్యలను మాత్రం ప్రస్తుతానికి పాతవే వాడుకోవచ్చు.) అందుకే మా ఆయన ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ గాలి సోకకుండా ఘోషాలో పెట్టాడు.

చివరికి అత్తగారి మంచాన్నే కంప్యూటర్ గదిలోకి జరిపాం. ఇద్దరూ చల్లగా ఉన్నారు.

పెంచలకృష్ణ వచ్చింది ఆ మధ్యాహ్నమే. మా ఆయన చేసిన మొదటి పెట్టెను కొన్న రొయ్యల రైతు.

"పెద్ద మోటార్లు పెట్టినా జడ్సన్నా. కరెంటు వచ్చినప్పుడల్లా ఫ్యూజు పోతా ఉండాది. ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి లేపమని చెప్పు దానికి. వచ్చే వారం రొయ్యల పట్టుబడి. రెండు పంటలు పోగొట్టుకున్నోణ్ణి, ఇదీ తేలిపోతే నేనూ తేలిపోవాల్సిందే."

మార్చాల్సింది ఒక్క అంకె. మా ఆయన సాఫ్ట్‌వేర్ తెరిచాడు. లైసెన్సు సరిచూసుకోవాలి, ఒక్క క్షణం ఇంటర్నెట్ ఇప్పించమంది అది. వేరే దారి లేక మెర్లిన్ ఫోన్ కలిపాడు. 'శుభవార్త' అంది కంప్యూటర్. ఎవరూ అడక్కుండానే తనను తాను కొత్తగా మార్చుకుంది. మార్చుకుని, పక్కనే తగిలించి ఉన్న సబ్బుపెట్టె గురించి 'ఏ పరికరమూ కనబడలేదు' అంది.

"ఇన్నాళ్లూ చల్లబెట్టి సాకితే, ఎదురుగా ఉన్నోణ్ణి ఎవురని అడగతా ఉండాదే," అన్నారు మంచం మీంచి అత్తగారు.

కంపెనీకి ఫోన్ చేశాం. తెలుగు కోసం ఏడు నొక్కాక 'పూర్వ ఉత్పత్తుల గౌరవ వీడ్కోలు విభాగం' పలికింది. ప్రతినిధి గొంతు పరామర్శకు వచ్చినవాడిలా ఉంది.

"మీ చిప్పు చెడిపోయిందా సార్?"

"లేదండీ. బాగా పనిచేస్తా ఉండాది."

"పరికరం?"

"అదీ బాగానే ఉండాది."

"అదే సమస్య సార్. చెడిపోయినవాటికి మార్పిడి పథకం ఉంది. బాగున్నవాటికి ఏ పథకమూ లేదు. మీరు కొత్త వ్యవస్థకు మారేదాకా రొయ్యలను నిలిపి ఉంచే వీలుందా?"

"నిలిపితే వాసనొస్తాది సార్," అన్నాడు పెంచలకృష్ణ.

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం. ఇన్నాళ్లూ మాతో ప్రయాణించినందుకు కృతజ్ఞతలు."

మా అత్తగారు వంటింట్లో గడియారం చూడరు. టీ దించడానికి మూడు పరలోక ప్రార్థనలు, గుడ్డుకు ఒక పెద్ద కీర్తన, అంతే. ఆమె లేచి కూర్చున్నారు.

"నీ పెట్టె పీకి పక్కన పెట్టు కృష్ణా. కరెంటు రాంగానే ఒక స్విచ్చెయ్యి. ప్రార్థన చెప్పుకో. ఆమెన్ అన్నాక రెండోది."

"నాకు మీ ప్రార్థన రాదు గదమ్మా. గోవింద నామాలు చెప్పుకుంటే?"

"అన్ని నామాలు అయిందాకా రొయ్య ఆగదు. ఇది నేర్చుకో. మా అవ్వ చెప్పిందే నేనూ చెప్తా ఉండా, ఇంతవరకూ ఎవురూ మార్చలా."

పెంచలకృష్ణ నేర్చుకున్నాడు. వారమంతా గట్టు మీద షెడ్డులో స్విచ్చుల ముందు మంచం వేసుకుని, కరెంటు వచ్చినప్పుడల్లా లేచి ఆమెన్‌కు ఒకటి చొప్పున వేశాడు. ఫ్యూజు పోలేదు. రొయ్య తేలలేదు. పట్టుబడి కాగానే ఒక గంపెడు రొయ్యలు మా ఇంటికి తెచ్చిచ్చి, "వచ్చే పంటకి నా పెట్టె సరిచేసి పెట్టన్నా, నిద్ర లేదు," అని చెప్పి వెళ్లాడు.

ఆ రాత్రి రొయ్యల ఇగురు తిన్నాక, ఏసీ ఉందని కుటుంబ ప్రార్థన కంప్యూటర్ గదిలోనే పెట్టుకున్నాం. అత్తగారు చివరి మాట అనేలోపు మా ఆయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఒక సంగతి. అన్నీ కొత్తవే తెప్పిస్తా ఉండా. ఇంక కొత్త పెట్టెలే చేస్తా. ఈ నెలతో పాత పెట్టెలకి సపోర్టు ఆపేస్తా. అందరికీ మెసేజ్ పెడతా, మర్యాదగానే."

"ఏమని నాన్నా?" అంది మెర్లిన్.

"ఇన్నాళ్లూ మాతో ప్రయాణించినందుకు కృతజ్ఞతలని."

"పెంచలకృష్ణ పెట్టె చెడిపోలేదు కదా," అన్నాను.

"అదే సమస్య," అన్నాడు మా ఆయన.

ప్రార్థన మధ్యలో ఆపకూడదు గనక, అందరం ఆమెన్ అన్నాం.