దోర్కా బ్రాంచి కోసం ప్రత్యేక ప్రార్థన

దోర్కాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందన్న శుభవార్త నాచారంలోని అబ్బయ్యగారింటికి చేరేసరికి, ఆయన కొత్త కోడలు ఫెబా మిర్చి బజ్జీలు వేస్తోంది. సంతోషం పట్టలేక ఆమె ఆడబిడ్డ దోర్కాను కావలించుకుంది, ఆడబిడ్డ తల్లిని కావలించుకుంది, బజ్జీలు మాడిపోయాయి. పెళ్లయి నెల తిరగని ఆమె భర్త టిమోతి వాటిని కూడా "మస్తున్నయ్" అంటూ తిన్నాడు. ఫెబాకు ఆ ర్యాంకు కన్నా ఈ మాట కొంచెం ఎక్కువ నచ్చింది.

ఉప్పల్ వైపు కాలేజీలో కంప్యూటర్ సైన్సు, ఐటీ రెండింటికీ సరిపోయే ర్యాంకు అది. ఏదో ఒకటి రేపు సాయంత్రంలోగా తేల్చాలి. తేల్చాక నాలుగేళ్లూ అదే. ఇంతటి విషయాన్ని చదవబోయే పిల్ల చేతిలో పెట్టడం పెద్దల లక్షణం కాదు గనుక, అబ్బయ్యగారు అప్పటికప్పుడు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన ఏర్పాటు చేసి చర్చి సంఘమంతటినీ పిలిచారు.

ప్రార్థన సక్రమంగానే మొదలైంది. అయితే తలుపు వైపు కూర్చున్నవారు కంప్యూటర్ సైన్సు కోసం, కిటికీ వైపు కూర్చున్నవారు ఐటీ కోసం వేడుకోవడంతో పైన వినేవారికి పని పెరిగింది. తర్వాత సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పడం. తారామణి ఆంటీ లేచి, తన అల్లుడు కంప్యూటర్ సైన్సు అని, సంబంధం కుదుర్చుకునేటప్పుడు అతని గురించి ఇంకో ప్రశ్న అడగాల్సిన అవసరమే రాలేదని కన్నీళ్లతో చెప్పింది.

కిటికీ వైపు నుంచి మొగిలయ్య వెంటనే లేచాడు. "మా బిడ్డ ఐటీ థర్డ్ ఇయర్ల ఉన్నది. ఐటీ సదివితె ఐటీ కంపెనీలల్లనే తీస్కుంటరు గదనే! పేర్లనే నౌకరి ఉన్నది." ఈ తర్కానికి ఎదురులేక తలుపు వైపు నుంచి కూడా ఒకరిద్దరు ఆమెన్ అన్నారు.

పై వాటాలో ఉండే గోదావరి జిల్లా విశ్రాంత ఉపాధ్యాయుడు రామచంద్రరావుగారు బజ్జీల వాసనకు కిందికి దిగివచ్చి, నిష్పక్షపాతంగా ఉపన్యసించారు. "చూడండి, కంప్యూటర్ సైన్సంటే కుండ. ఐటీ అంటే అందులో నీళ్లు. కుండ లేనిదే నీళ్లెక్కడ నిలుస్తాయి? నీళ్లు లేని కుండెందుకు? కాబట్టి బాగా ఆలోచించుకోండి." సభ చాలాసేపు ఆలోచించింది. అందరికీ దాహం వేసింది.

దోర్కా మెల్లగా ఫెబా పక్కకు జరిగింది. "వదినా, నాల్గేండ్లు సదివేది నేను. అసలు రెండిట్ల తేడా ఏంది? నువ్వు సీఎస్ఈ, అన్న ఐటీ. నువ్వన్నా జెప్పు."

టిమోతితో ఫెబాకు పరిచయమైందే ఉప్పల్ ఆఫీసులో. ఇద్దరి కుర్చీలూ ఒకే వరుసలో, ఇద్దరిదీ ఒకే పని. అతనికీ తనకూ తేడా ఏమిటో పెళ్లికి ముందు ఆమె ఎంతో శ్రద్ధగా పరిశీలించి ఉంది కూడా.

"మీ అన్న చాయ్‌ల చక్కెర ఎక్కువ ఏసుకుంటడు," అంది నిజాయితీగా.

దోర్కా నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఫెబా, కొత్త కోడళ్లు సాధారణంగా చేయని పని చేసింది. నిండు సభలో లేచి నిలబడింది. "మామయ్యా, రేపు పొద్దుగాల నేనూ దోర్కా కాలేజీకి పోతం. రెండిట్ల ఏమేం జెప్తరో సార్లనే అడుగుతం. ఇన్నంక ఆమెకు ఏది నచ్చితే గదే."

సీటు గురించి ఇంత గంభీరంగా మాట్లాడుకుంటూంటే మధ్యలో చదువు సంగతి ఎత్తడం ఎవరికీ రుచించలేదు. అబ్బయ్యగారు కొడుకు వైపు చూశారు.

టిమోతి కూడా లేచాడు. "నేను గూడ వస్త డాడీ. నాల్గేండ్లు సదివిన గదా, ఐటీ అంటే ఏందో నేను గూడ ఒకపారి ఇని సూస్త."

మొగిలయ్య గొంతు సవరించుకున్నాడు. "జర మా బిడ్డ ఏం సదువుతుందో గూడ అడగాలె. నేను గూడ వస్త." తారామణి ఆంటీ, అల్లుడి విషయం కూడా అక్కడే కనుక్కోవచ్చా అని అడిగింది. తలుపు వైపూ కిటికీ వైపూ చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆ సాయంత్రం సంఘం ఏకాభిప్రాయానికి వచ్చింది ఈ ఒక్క విషయంలోనే.

చివరికి అబ్బయ్యగారు ప్రకటించారు: "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి చర్చి ముంగట బస్సు. ఇంట్ల ఇంజినీరు ఉన్నోళ్లందరు రాన్రి. గని ముందుగాల జెప్పున్రి, ఒక్క బస్సు సాలదు."