అంబాసిడర్‌కు కొత్త డోర్ ప్యాడ్లు

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ కుళ్ళాయప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నం వేళకల్లా తన పాత అంబాసిడర్‌కు కొత్త డోర్ ప్యాడ్లు, అంటే తలుపులకు లోపలివైపు బిగించే అట్టలు, సొంతంగా చేసుకోవాలి. మర్నాడు పెనుకొండలో మరదలు సుధ గృహప్రవేశం. ఆయన భార్య పద్మ ముందే తేల్చి చెప్పేసింది.

"పోయినసారి ఆ కుళ్ళిన అట్ట తగులుకొని నా పట్టుచీర పోగులు లేసిపోయినాయి. రేపటికి బాగైతే సరే. కాకుంటే నేను బస్సులో పోతా, నువ్వు కారు ఆడికి తోలుకొచ్చి అంజనప్ప చేతిలో పెట్టు. పాత ఇనుము కిందన్నా తీసుకుంటాడు."

పాత కార్లు కొనే హిందూపురం అంజనప్పకు, మర్నాడు పెనుకొండకు రమ్మని అప్పటికే ఫోన్ కూడా వెళ్ళిపోయింది. కుళ్ళాయప్పకు మాత్రం అమ్మే మనసు లేదు. వాళ్ళ పెళ్ళికి బాడుగకు తెచ్చిన కారు అదే. పద్మ కొత్త కోడలిగా ధర్మవరంలో దిగింది ఆ కారులోంచే. తర్వాత అది అమ్మకానికి వచ్చిందని తెలిసి, బేరమాడకుండా కొనేశాడు. ఆ కారంటే ఆయనకు ప్రాణం. పద్మంటే అంతకన్నా ప్రాణం, కాకపోతే ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

పాత అట్టలు ఊడదీసి, ప్లైవుడ్‌ను నున్నటి వైపు పైకి పరిచి, దాని మీద అట్టను బోర్లించి చుట్టూ పెన్సిలుతో గీశాడు. ఎందుకు బోర్లించాడంటే చేతికి అదే అలవాటు. ఆయన మగ్గం మీద చీర మంచి ముఖం ఎప్పుడూ కిందికే ఉంటుంది. బతుకంతా వెనకవైపు చూస్తూ ముందువైపు నేసిన మనిషి. గీసినట్టే కోసి, నున్నటి వైపు రెగ్జిన్ అతికించి, వెనక సుద్దతో ఎడమ, కుడి అని రాసుకున్నాడు.

నాలుగూ నిగనిగలాడుతూ తయారయ్యాయి. తీరా ఎడమ అట్టను ఎడమ తలుపుకు పెడితే, అద్దం దించే పిడి ఒక చివర ఉంటే దానికోసం తీసిన బొక్క ఇంకో చివర ఉంది. కుడిదీ అంతే. రాసింది తానే కాబట్టి కుళ్ళాయప్పకు రాత మీద అనుమానం రాలేదు, కారు మీద వచ్చింది.

పక్కింటి ఆటో ఎల్లప్పను పిలిచాడు. ఎల్లప్పకు కార్ల సంగతి తెలియదు. తెలియదని చెప్పడం అసలే తెలియదు.

"కారుకు వయసైపోయినాదన్నా. తలుపుల్లో సామాను జరిగిపోయింటాది. పిడి యాడుంటే ఆడ ఇంకో బొక్క పెడదాం."

"ఎందుకైనా మంచిది, పాత అట్టతో సరిచూద్దాం ఉండప్పా. ఏమే, పాత అట్టలు యాడ పెట్నావు?"

"నీళ్ళపొయ్యిలో," అంది పద్మ స్నానాల గదిలోంచి. "నీళ్ళు బాగా కాగినాయి."

ఇక చేసేదేముంది, బొక్కలు పెట్టారు. పిడులు సరిపోయాయి గానీ వెనక తలుపుల దగ్గర కొత్త చిక్కొచ్చింది. చక్రం వైపు ఉండాల్సిన వంపు ముందు సీటు వైపు తేలింది.

"చక్రాలు గూడా జరిగినాయేమోన్నా," అన్నాడు ఎల్లప్ప, ఈసారి కొంచెం గొంతు తగ్గించి.

కుళ్ళాయప్ప గడప మీద కూలబడ్డాడు. తల తుడుచుకుంటూ వచ్చిన పద్మ ఆయన పక్కనే కూర్చుంది. ఒక అట్టను తిప్పి చూసింది.

"ఏమయ్యా, పాతదాన్ని బోర్లించి గీసినావా?"

"బోర్లించకుండా ఎట్ల గీస్తారు?"

"సరిపాయె."

ఎడమ అని రాసున్న అట్టను తీసుకుపోయి కుడి తలుపుకు ఆనించింది. చక్కగా కూర్చుంది. మిగతా మూడూ అంతే. ఎల్లప్పకు ఉన్నట్టుండి ఎవరినో స్టేషన్లో దించాల్సిన పని గుర్తొచ్చింది.

"మరి ఈ రెండో బొక్కలేంది?"

"అవి ఎల్లప్పవి."

పద్మ బీరువా తెరిచి, పోగు తప్పిందని అంగడివాళ్ళు వెనక్కి పంపిన పట్టుచీర తెచ్చింది. అందులోని జరీ మామిడిపిందెలు కత్తిరించి బొక్కల మీద అతికించింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఈ మూలన పెట్టాక ఆ మూల బోసిగా కనబడింది, మూలలు నిండాక అంచు లేకపోతే వెలితిగా తోచింది. దీపాలు పెట్టేవేళకు రెగ్జిన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

మర్నాడు పెనుకొండలో పాలు పొంగేటప్పుడు కొత్త ఇంట్లో ఉన్నది సుధ, అయ్యవారు మాత్రమే. చుట్టాలంతా వీధిలో కారు తలుపులు తెరిచి చూస్తున్నారు. "చేతులు తుడుచుకొని ముట్టండి," అని పద్మ కాపలా కాస్తోంది.

"అక్కా, ఇల్లు చూసేదానికి ఒక్కరినన్నా పంపీ," అంది సుధ ఏడుపు గొంతుతో.

అప్పుడే అంజనప్ప చిన్న లారీలో, కారును కట్టి లాగే మోకు భుజాన వేసుకుని దిగాడు. మోకు చూడగానే కుళ్ళాయప్ప కారు తాళాలు జేబులో దోపుకున్నాడు. అట్టలు సిద్ధమైనా, పద్మ మళ్ళీ ఫోన్ చేసి రావద్దని చెప్పినట్టు ఆయన చెవిన పడలేదు.

పద్మ వెళ్ళి కారుకు అడ్డంగా నిలబడింది.

"అమ్మేది లేదు, పో అంజనప్పా."

"నువ్వే కదక్కా రమ్మని ఫోన్ చేసింది?"

"అప్పుడు కారు ఆయనది."

కుళ్ళాయప్పకు కళ్ళు చెమర్చాయి. కారు దక్కినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు. అప్పటినుంచి దాన్ని బయటికి తీయాలంటే పద్మను అడిగి తీస్తున్నాడు.