నంబరు లేని చిలక

ఒక పెద్ద అడవిలో చట్టం ఉండేది. పులి ఉన్న అడవుల సంగతి అందరికీ తెలిసిందే. చట్టం ఉన్న అడవి కాబట్టి దీని గురించి చెప్పవలసి వచ్చింది.

ఆ అడవిలో రాతకోతలు లేవు. మొదట్లో ఆకుల మీద రాసి చూశారు. రాసిన ఆకును తెల్లారేసరికి ఎవరో ఒకరు మేసేసేవారు. అందుకని కేసులన్నీ చిలకల చేత బట్టీ పట్టించారు. కేసుకో చిలక. పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్ చిలకలు, కోర్టులో తీర్పు చిలకలు. ఎవరికైనా నకలు కావాలంటే ముసలి చిలక ఒక పిల్ల చిలకకు పాఠం చెప్పేది. ఆ పిల్ల చిలక తోకకు ముద్రలా ఎర్ర జాజు పూసి చేతికిచ్చేవారు. అది ఎక్కడ పలికినా చివర్లో "ఇది అసలుకు సరైన నకలు" అనాలి. అనకపోతే చెల్లదు.

ఎఫ్ఐఆర్ చిలకలకు గొంతు పెద్దది. స్టేషన్ ఉన్నది కొండ కొమ్మున. ఫిర్యాదులు సులువుగా ఎక్కి రాకూడదని అంత ఎత్తున పెట్టారంటారు. అక్కడినుంచి రోజూ పొద్దున్నే ఎవరి పేరు, ఏమి నేరం అన్నది అడవంతా వినబడేలా అరిచేవి. తీర్పు చిలకలు మాత్రం అడిగితే తప్ప నోరు తెరిచేవి కావు. మర్యాద తెలిసిన చిలకలు మరి.

వాగు ఒడ్డున బొరియలో ఏదుపంది గురవయ్య కాపురం. ఒంటినిండా ముళ్ళే గానీ ఒకరిని గుచ్చిన పాపాన పోలేదు. పరాయి దుంప ముట్టుకోడు, పిల్లల్ని ముట్టుకోనివ్వడు. ఈయన మీదే ఒకప్పుడు దుంపల దొంగతనం కేసు పడింది. అడవిపంది తోటలో ఎవరో చిలగడదుంపలు తవ్వుకుపోయారు, అక్కడ ఒక ముల్లు దొరికింది. దారిన పోయేవాడి ఒంటిమీద నుంచి ముల్లు రాలడం నేరం కాదని ఎలుగుబంటి జడ్జిగారు కేసు కొట్టేశారు.

ఆ రోజు గురవయ్య పెళ్ళాం నాంచారి, "ఒక చిలకను అడిగి తెచ్చుకోరాదా" అంది.

"నిజానికి నకలెందుకే? అడవంతా విన్నది కదా" అన్నాడు గురవయ్య.

అడవంతా విన్నది. రెండు వానాకాలాలు పోయేసరికి అడవంతా మరిచిపోయింది. ఎఫ్ఐఆర్ చిలక మాత్రం మరవలేదు. "ఏదుపంది గురవయ్య, దుంపల దొంగ" అని రోజూ పొద్దున్నే పలుకుతూనే ఉంది. కేసు కొట్టేశారని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పడం ఎవరి పనో చట్టంలో లేదు.

ఆ ఏడు మబ్బులు ముందే ముసిరాయి. వాగు పొంగితే బొరియ మునుగుతుంది, పిల్లలిద్దరికీ ఇంకా ముళ్ళు కూడా గట్టిపడలేదు. గురవయ్య మెట్ట మీద చోటు అడగడానికి వెళ్ళాడు. మెట్ట పంచాయతీకి పెద్ద ఒక దుప్పి. పెద్ద కొమ్ములు, చిన్న ధైర్యం.

"చోటుంది గురవయ్యా. కాని మచ్చ లేనివాళ్ళకే ఇవ్వాలని తీర్మానం. పొద్దున్నే నీ పేరు వినబడుతోంది."

"ఆ కేసు కొట్టేశారు పెద్దయ్యా. తీర్పు చెప్పిన రోజు మీరు నా పక్కనే నిలబడ్డారు."

"నిలబడ్డాను. దుప్పిగా విన్నాను. పంచాయతీ పెద్దగా వినలేదు. తీర్పు చిలకను తీసుకురా, చెవులారా వింటాను."

గురవయ్య కోర్టుకు పోయాడు. నకళ్ళు ఇచ్చే చోట తాబేలు కూర్చుని ఉంది. తల లోపలే ఉంది. రెండుసార్లు దగ్గితే బయటికొచ్చింది.

"నంబరు?"

"నంబరు గుర్తులేదండీ. ఏదుపంది గురవయ్య. దుంపల కేసు."

"పేరు చెబితే చిలకలు పలకవు. నంబరు చెబితేనే పలుకుతాయి. అలా పెంచాం."

తాబేలు వెనక కొమ్మ మీద ముక్కు వంకర చిలక ఒకటి గురవయ్యను చూసి తల ఊపింది. ఆ రోజు తీర్పు బట్టీ పట్టింది అదే.

"అదుగోనండీ, నా తీర్పు అదే. నన్ను గుర్తుపట్టింది కూడా."

తాబేలు వెనక్కి తిరిగి చూసింది. చూడటానికి చాలాసేపు పట్టింది. "కావచ్చు. నంబరు చెప్పేదాకా అది ఉత్త చిలక" అని తల లోపలికి లాక్కుంది. "నంబరు స్టేషన్లో ఉంటుంది" అన్న మాట డిప్పలోంచి వినబడింది.

గురవయ్య రొప్పుతూ కొండెక్కాడు. స్టేషన్లో రైటరు నక్క. రాత లేని అడవిలో రైటరెందుకని అడగకూడదు, ఉద్యోగం మంజూరై ఉంది.

"నంబరు ఊరికే చెప్పరయ్యా. ఎఫ్ఐఆర్ నకలు తీసుకుంటే అందులో ఉంటుంది."

"నకలే ఇప్పించండి బాబూ."

"ఎవరు నువ్వు? ఫిర్యాదుదారువా, ముద్దాయివా?"

"ముద్దాయినండీ. అంటే, అప్పుడు."

"ఇప్పుడు?"

"నిర్దోషిని."

నక్క తోక సర్దుకుంది. "అయితే నీకు సంబంధం లేని కేసు. ఎవరి కేసు వివరాలో నీకు చెబితే పాపం వాళ్ళ పరువేం కావాలి?"

"ఆ ఎవరో నేనేనండీ."

"ముద్దాయివైతే నువ్వే. కాదని నువ్వే అంటున్నావు."

ఇంతలో గోడ మీద చిలక "ఏదుపంది గురవయ్య, దుంపల దొంగ" అని కొండ అదిరేలా అరిచింది. నంబరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి గుటుక్కున మింగింది. పేరూ నేరమూ బహిరంగం. నంబరు గోప్యం.

గురవయ్య కొండ దిగి కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. ఆ మెట్ల మీదే ఒక తొండ కాపురముంటుంది. ఎవరు ఏమి చెప్పినా తల ఊపుతుంది కాబట్టి దాని దగ్గరికి అందరూ వస్తారు. కథంతా విని చివరిదాకా తల ఊపింది.

"బాబాయ్, నీ జబ్బేంటో తెలుసా? నిర్దోషిత్వం. చట్టంలో నిర్దోషికి ఏ హక్కూ పెట్టలేదు, వాడికేం అవసరముంటుందిలే అనుకున్నారు. అదే ముద్దాయికి చూడు. తన మీదున్న కేసులన్నిటి నకళ్ళూ ఊరికే ఇవ్వాలి. పాతవి కూడా. ఇంటికి తెచ్చి మరీ ఇవ్వాలి."

"అంటే?"

"ఒక్క దుంప."

గురవయ్య ఒంటిమీద ముళ్ళన్నీ లేచాయి. "దొంగతనం చేయలేదని రుజువు చేసుకోవడానికి దొంగతనం చేయమంటావా?"

తొండ తల ఊపింది.

ఇంటికొచ్చి నాంచారికి చెప్పాడు. బొరియ గుమ్మం దగ్గర మట్టి తడిసి జారుతోంది. నాంచారి దాన్ని చూపించింది.

మర్నాడు గురవయ్య మళ్ళీ కొండెక్కాడు. స్టేషన్ పెరట్లో చిలగడదుంపల తీగ దట్టంగా అల్లుకుని ఉంది. పాత కేసులో సాక్ష్యమని అడవిపంది తోట నుంచి జప్తు చేసిన మిగతా దుంపలు అక్కడే పడి మొలకెత్తి తోటైపోయాయి. గురవయ్య కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని ఒక దుంప పీకాడు. ఎవరూ చూడలేదు. చూడకపోతే లాభం లేదు.

"రైటరు గారూ, దొంగతనం చేస్తున్నానండీ."

నక్క ఒక కన్ను తెరిచింది. "భోజనాల వేళ. ఎండ తగ్గాక రా."

"అందాకా ఈ దుంప నా చేతిలోనే ఉంటుందండీ."

"బరువైతే కింద పెట్టు."

"కింద పెడితే దొంగతనం కాదు కదండీ."

నక్క విసుక్కుంటూ లేచి పట్టుకుంది. పట్టుకున్న మరుక్షణం దాని తీరే మారిపోయింది. "గురవయ్యగారూ, రండి, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?" ఏ తప్పూ చేయనన్నాళ్ళు ఆయన్ను ఎవరూ గారు అనలేదు. ఇది చదివేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కబురు వెళ్ళగానే తాబేలు పరుగున వచ్చింది. తాబేలు పరుగు అడవిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. తోకకు తడి జాజుతో తీర్పు చిలక పిల్ల దాని డిప్ప మీదే కూర్చుని ఉంది. నంబరు ఎవరూ అడగలేదు.

దుంపతో సహా సొంత పూచీ మీద వదిలితే గురవయ్య చిలకను భుజాన పెట్టుకుని తిన్నగా మెట్టకు పోయాడు. ముల్లు గుచ్చుకున్నా అది ఓర్చుకుంది, నకలుకు ఓర్పు ఉండాలి. అందరి ముందూ గొంతు సవరించుకుని, "ఏదుపంది గురవయ్య ఏ తప్పూ ఎరుగడు, నిర్దోషి. ఇది అసలుకు సరైన నకలు" అంది.

దుప్పి కళ్ళు చెమర్చాయి. "నేనెప్పుడూ అనుకుంటూనే ఉన్నాను గురవయ్యా. ఆ వేపచెట్టు పక్కన చోటు నీదే."

అప్పుడే కొండ మీదనుంచి కొత్త గొంతు వినబడింది. కుర్ర చిలక, ఉత్సాహం ఎక్కువ. "ఏదుపంది గురవయ్య, స్టేషన్ దుంపల దొంగ!"

దుప్పి కళ్ళు తుడుచుకుంది. "మరి ఇదేంటి?"

"మీరడిగిన చిలకను తేవడానికేనండీ ఇదంతా."

"పాత చిలక బాగుంది. ఈ కొత్త చిలక నోరు మూయించే చిలకను కూడా తీసుకురా. వానలు వెలిశాక కోర్టు తెరుస్తారు."

చినుకులు మొదలయ్యాయి. గురవయ్య ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. "తప్పు చేయనప్పుడు చిలక లేదు. చిలక దొరికేసరికి తప్పు చేశాను" అన్నాడు.

నాంచారి ఆ దుంపనే పిల్లలకు సగం సగం పెట్టి, తొక్క తాను తిని లేచింది. ఆ ఇంట్లో పరాయి దుంప దిగడం అదే మొదలు.

"పద."

"ఎక్కడికే?"

"నీకు చోటెక్కడో మెట్ట పెద్దకు తెలియకపోయినా రైటరు గారికి తెలుసు. దొంగ సొత్తు తిన్నాం కాబట్టి మేమూ ముద్దాయిలమే."

నక్క ముందు కాదంది. నాంచారి పిల్లల నోళ్ళు తెరిచి చూపించింది. పళ్ళ మధ్య దుంప పీచు. సాక్ష్యం బలంగా ఉంది. నలుగురినీ కొండ కొమ్మున రాతి గుహలో పెట్టి తలుపుకు బండ అడ్డం వేశారు. చుక్క నీరు కారని గుహ. ముద్దాయి కోర్టుకు పొడిగా చేరాలని నియమం.

ఆ రాత్రి వాగు బొరియను మింగింది. తెల్లారేసరికి మెట్టను కూడా చుట్టేసింది. మచ్చ లేనివాళ్ళందరూ నడుము లోతు నీళ్ళలోంచి బయటపడి, దుప్పి వెనకాల కొండెక్కి వచ్చారు.

"రైటరు గారూ, లోపల చోటివ్వండి. పిల్లలున్నారు."

"మీ నంబరు?"

"మా మీద ఏ కేసూ లేదు. మచ్చ లేనివాళ్ళం."

"అందుకే కుదరదు. రికార్డు లేనివాళ్ళను లోపల పెడితే అక్రమ నిర్బంధమవుతుంది. నా ఉద్యోగం పోతుంది."

దుప్పి గుహ వైపు చూసింది. బండ సందులోంచి గురవయ్య కూడా దాన్నే చూస్తున్నాడు. ఎగతాళి చేయడం ఆయన స్వభావం కాదు. కుడిచేతి వైపు పెరటిని మాత్రం చూపించి, "తీగ మొదట్లో దుంపలు మెత్తగా ఉంటాయి పెద్దయ్యా" అన్నాడు. "నంబరు చెప్పినప్పుడు గుర్తుపెట్టుకోండి."

దుప్పి కొమ్ములు వంచుకుని పెరట్లోకి నడిచింది. వానలోంచి దాని గొంతు వినబడింది.

"రైటరు గారూ, ఒకసారి ఇటు చూడండి. దొంగతనం చేస్తున్నాను."

"వరసలో రండి" అంది నక్క. "పిల్ల చిలకలు తక్కువగా ఉన్నాయి."

నీతి: మంచివాడి మంచితనానికి సాక్ష్యం వాడే మోసుకు తిరగాలి, దొంగతనాన్నయితే సర్కారే తడవకుండా దాచిపెడుతుంది.