చేపల వీడియోకు ఆనంద ధ్రువీకరణ

పదకొండు నిమిషాల చేపల వీడియో ఒకటి చూసి ఆనందించాలంటే చేయవలసిన పనులు ఇవి. ఆనందించదలచిన వ్యక్తి గుర్తింపు కార్డును రెండు జిరాక్సులు తీయించాలి. వీడియోలోని చేప ఏ జాతిదో రాసివ్వాలి. ఆ చేప దొరికిందో లేదో తెలపాలి. దొరక్కపోయినా ఆనందం కలిగి ఉంటే అందుకు మూడుకు తగ్గకుండా కారణాలు చూపాలి. ఆనందాన్ని కళ్లారా చూసిన సాక్షి ఒకరు సంతకం చేయాలి (సాక్షి అదే సమయంలో తానూ ఆనందించి ఉండకూడదు). మూడో అంతస్తులో ముద్ర వేయించి, మొదటి అంతస్తులో దాఖలు చేసి, రెండో అంతస్తులో రసీదు తీసుకోవాలి. లిఫ్టు వాడుకోవచ్చు, అది పనిచేస్తే.

మానవజాతి వేల ఏళ్లుగా ఏ అనుమతీ తీసుకోకుండా ఆనందిస్తూ వచ్చింది. దాని ఫలితం మనందరం చూస్తూనే ఉన్నాం. ఆ లోపాన్ని సరిదిద్దడానికి మొట్టమొదట నడుం కట్టింది మా నాన్న వైద్యం చేయించుకుంటున్న ఆసుపత్రి అని సవినయంగా తెలియజేసుకుంటున్నాను.

మా నాన్న టైలరు. ఈ ఏడాది మొదట్లో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఆసుపత్రి వారు ఆ చేతికి ఇరవై నాలుగు సిట్టింగుల వ్యాయామం మంజూరు చేశారు. ఆ లోపల చేయి కదిలినట్టు రిజిస్టరులో పడితే దాన్ని 'స్పందించిన చేయి' అంటారు, ఇంకో ఇరవై నాలుగు ఇస్తారు. పడకపోతే అది 'స్థిరపడిన చేయి'. ఫైలు మూసేస్తారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఫైళ్లు తెరిచి ఉంచే బాధ్యత నాది.

వ్యాయామం హాల్లో నాలుగు కుర్చీలు. ప్రతి కుర్చీ పైనా ఒక కప్పీ, దాని మీదుగా వచ్చే తాడుకు ఒక పట్టీ. పడిపోయిన చేతిని ఆ పట్టీలో పెడితే బరువంతా తాడే మోస్తుంది. కదిలించడం ఒక్కటే మనిషి వంతు. ఎదుటి గోడకు టీవీ. అందులో ఆమోదం పొందిన వీడియో ఒకటే ఉంది: చేతులు సబ్బుతో ఎలా కడుక్కోవాలి. నలభై సెకన్లు. అయిపోగానే మళ్లీ మొదలు.

"ఒక చెయ్యి లేవనోళ్ల ముందు కూర్చుని రెండు చేతులూ రుద్దుకుంటాడేంటే వీడు?" అన్నాడు నాన్న మొదటిరోజే. "ఎగతాళిగానా?"

పదమూడో సిట్టింగులో ఆ టీవీకి ఏమైందో ఏమో, సబ్బు నురగ మధ్యలో ఆగిపోయి దానంతటదే మరో వీడియో పెట్టుకుంది. మోకాలిలోతు నీళ్లలో టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు. చేతిలో సన్నటి కర్ర, దానికి పొడవాటి దారం. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. గాలానికి ఎర గుచ్చరు. దారమూ ఈకా చుట్టి అచ్చం ఈగలా కట్టి, అది నీటి మీద వాలినట్టు విసురుతారు. ఆ మనిషి కర్రను వెనక్కి తీసుకెళ్లాడు, ఒక్క క్షణం ఆగాడు, ముందుకు విసిరాడు. దారం గాలిలో పొడవుగా చుట్ట విప్పుకుంటూ వెళ్లి నీటి మీద పడుకుంది.

పట్టీలో ఉన్న నాన్న చూపుడువేలు చిన్నగా అదిరింది.

హాల్లో వ్యాయామం చేయించే అమ్మాయి అది చూసింది. ఆమెను అందరూ 'ఎక్సర్‌సైజు అమ్మాయి' అంటారు. చప్పున వచ్చి నాన్న మణికట్టు కింద చేయిపెట్టి, "అక్కా, టీవీ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు," అంది నాతో.

అప్పటికే హాలు ఇన్‌ఛార్జి వచ్చేశారు. రిమోటును చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుని తిరుగుతారు కాబట్టి ఆయన్ని రిమోట్ సార్ అంటారు. "అనుమతి లేని దృశ్యం," అని ప్రకటించి, టీవీ కట్టేశారు. వేలు ఆగిపోయింది. (అదరడాన్ని కదలికగా లెక్కించరు. నియమావళిలో ఉంది, చదివాను.)

ఇంట్లో ఫోనులో చూపించరాదా అని మీరు అడగవచ్చు. చూపించాను. నాన్న ఎడమచేత్తో ఫోను పట్టుకుని హాయిగా చూశాడు. కుడిచేయి ఒళ్లో అంతకన్నా హాయిగా నిద్రపోయింది. బరువు మోసే కప్పీ లేనిదే అది లేవదు. హాల్లోనేమో ఫోన్లు నిషేధం. ఇక మిగిలింది దరఖాస్తు.

కారణాల గడి నింపడానికి నాన్న ముందు కూర్చున్నాను.

"నాన్నా, ఆ వీడియో ఎందుకు బాగుంది?"

"బాగుంది గనక."

"అలా రాస్తే తీసుకోరు. మూడు కావాలి."

నాన్న ఆలోచించాడు. "వాడు మాట్లాడడే. అదొకటి రాయి. ఈ రోజుల్లో ఏ వీడియో పెట్టినా ఒకడొచ్చి చెవిలో అరుస్తాడు. ఇందులో నీళ్ల చప్పుడు, దారం చప్పుడు, అంతే."

"రెండోది?"

"దారం. అంత పొడుగు దారం వెనక్కీ ముందుకీ ఆడిస్తున్నాడా, ఒక్క చిక్కు పడిందా? నా దగ్గర పనిచేసినోళ్లంతా మూరెడు దారం ఇస్తే ముడేసి తెచ్చినోళ్లే. ఇంకా ఆ ఈగ చూశావా? ఈక చుట్టి, దారం బిగించి, చివర కనపడకుండా లోపలికి తోశాడు. కాజా కుట్టడం తెలిసినోడి పని అది."

"మూడోది?"

"చేప పడితే ఏం చేస్తాడు?"

"వదిలేస్తాడు నాన్నా."

"అంత కష్టపడి పట్టి వదిలేస్తాడా! మన కస్టమర్లే నయమే, పండగ ముందురోజు ప్రాణం తీసినా బట్టలైనా పట్టుకెళ్తారు." చాలాసేపు నవ్వాడు. తర్వాత, "అయినా బాగుంది. ఎవరికీ నష్టం లేని పని. అది రాయి," అన్నాడు.

మూడూ రాశాను. పద్నాలుగో సిట్టింగుకు ముద్ర, పదిహేనుకు రసీదు, పదహారుకు దృశ్య పరిశీలన కమిటీ ముందు విచారణ. కమిటీలో ముగ్గురు: అధ్యక్షుడు, స్టోర్సు ఆఫీసరు, రిమోట్ సార్.

"చేప జాతి గడి ఖాళీగా ఉందేంటమ్మా?" అన్నారు అధ్యక్షుడు.

"ఆ వీడియోలో చేప పడలేదండి."

"పడని చేపకి మూడు పేజీలా? మరి సందేశం?"

"సందేశం లేదండి. అందుకే బాగుంటుంది."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత తీవ్రమైన ఆరోపణను చూడకుండా తోసిపుచ్చడం భావ్యం కాదని, కమిటీ స్వయంగా వీక్షించాలని, ఏ తెర మీద ఉల్లంఘన జరిగిందో ఆ తెర మీదే వీక్షించాలని తీర్మానించారు. ఆ సాయంత్రమే హాలు టీవీని ఊడదీసి కమిటీ గదిలో బిగించారు. హాల్లో గోడకు నాలుగు మేకులు మిగిలాయి. పదిహేడో సిట్టింగులో నాన్న వాటిని చూశాడు.

కమిటీ శ్రద్ధను శంకించడానికి వీల్లేదు. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా తలుపు వేసుకుని పరిశీలించేవారు. ఫలితం కోసం బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలు వినబడేవి.

"వస్తోంది, వస్తోంది... ఛ! తప్పించుకుంది."

"తొందరపడ్డాడండీ. ఆ రాయి పక్కన వెయ్యాల్సింది."

"మళ్లీ వెనక్కి తిప్పవయ్యా."

పద్దెనిమిదో సిట్టింగునాడు నాకు లేఖ వచ్చింది. తులనాత్మక అధ్యయనం నిమిత్తం ఇదే కోవకు చెందిన, దరఖాస్తుదారుకు ఇష్టమైన ఇతర వీడియోల జాబితాను మూడు ప్రతుల్లో సమర్పించాలట. పద్ధతి ప్రకారం సమర్పించాను. పొద్దుటి మంచులో మొదలయ్యేది ఒకటి: పొగమంచు విడిపోయేదాకా అందులో మనిషి కనబడడు, దారం ఒక్కటే మెరుస్తుంది. ఈగ కట్టడం మాత్రమే ఉన్నది ఒకటి: రెండు చేతులు, ఒక బిగింపు, ఇరవై నిమిషాలు. యజమానికి చేప పడినప్పుడల్లా ఒడ్డున లేచి నిలబడి, వదిలేయగానే నిరాశగా కూర్చునే కుక్క ఉన్నది మరొకటి. కుక్క వీడియోను కమిటీ నాలుగుసార్లు పునఃపరిశీలించినట్టు మినిట్సులో ఉంది. ఆ వారంలోనే గదిలోకి మెత్తటి కుర్చీలు వచ్చాయి.

అప్పటికి ఇరవై ఒక్క సిట్టింగులు అయిపోయాయి. రిజిస్టరులో నాన్న పేరుకు ఎదురుగా ఇరవై ఒక్క సున్నాలు.

"అమ్మడూ, వదిలెయ్యవే," అన్నాడు నాన్న ఆరోజు ఆటోలో. "ఎడమచేత్తో కత్తెర నేర్చుకుంటాలే." ఆ మాటకు నా ఫారాల్లో ఏ గడీ లేదు.

ఇరవై రెండో సిట్టింగునాడు, నాన్న చేయి పట్టీలో పెట్టాక, ఎక్సర్‌సైజు అమ్మాయి స్టోరులోకి వెళ్లి పొడవాటి చెక్క స్కేలు తెచ్చింది. దాని కొసకు కట్టుగుడ్డ చుట్ట ఒకటి కట్టి, చివర దూదిపింజ ముడేసింది. తుడిచే బకెట్టును హాలు మధ్యలో పెట్టి, టీవీ ఉండే చోట, మేకుల కింద నిలబడింది. చెప్పులు విడిచింది. ఎందుకంటే నీళ్లలో ఉంది కదా.

"బకెట్లో చేపలున్నాయా అమ్మా?" అన్నాడు పక్క కుర్చీలోని లారీ డ్రైవరు. ఆయనది ఎడమచేయి.

"మాట్లాడకూడదు. ఇందులో మాటలుండవు," అంది.

విసిరింది. కట్టుగుడ్డ ఆమె మెడకే చుట్టుకుంది. రెండోసారి విసిరితే దూది వెళ్లి డ్రైవరు తల మీద వాలింది.

"నేను పడ్డాను. వదిలెయ్యి తల్లీ," అన్నాడాయన.

నాన్నకు నవ్వు ఆగలేదు. మూడోసారీ, నాలుగోసారీ గుడ్డ చిక్కులు పడేసరికి మాత్రం నవ్వు పోయి చిరాకు వచ్చింది. నలభై ఏళ్లు దారంతో బతికిన మనిషి.

"అట్లా కాదమ్మాయ్! ఏంటా కంగారు? వెనక్కి తీసుకెళ్లాక ఒక్క క్షణం ఆగాలి. దారం సాగాలి. సాగాక వదలాలి. ఇదిగో, ఇట్లా."

చూపించాడు.

"టైలరు గారూ," అన్నాడు డ్రైవరు మెల్లగా, "ఏ చేత్తో చూపించారు?"

నాన్న పట్టీలోకి చూసుకున్నాడు. మళ్లీ చూపించాడు. కట్టుగుడ్డ ఇంకా చేతిలో ఉండగానే ఎక్సర్‌సైజు అమ్మాయి లెక్కపెట్టింది. రిజిస్టరులో సున్నా పెట్టే చోట ఇలా రాసింది: 'మణికట్టు, వెనక్కీ ముందుకీ, ఆరుసార్లు. మధ్యలో ఆగుతోంది, అది లోపం కాదు.'

ఇరవై నాలుగో సిట్టింగు మర్నాడు కమిటీ నివేదిక వెలువడింది. సదరు వీడియోలు ఆనందకరమైనవేనని ఏకగ్రీవంగా నిర్ధారించారు. ఆనందం బరువైన బాధ్యత గనుక, రోగులపై దాన్ని మోపకుండా, వీక్షణను ఇకపైనా కమిటీయే భరించాలని నిర్ణయించారు. ఇక హాల్లో స్కేలుతో జరిగినది అనుమతి లేని ప్రదర్శన. అనుమతి లేని ప్రదర్శన వల్ల కలిగిన కదలిక, అనుమతి లేని కదలిక. ఆ ఆరింటినీ, తర్వాతి రెండు సిట్టింగుల కదలికలనూ కొట్టేసి, 'స్థిరపడిన చేయి' అని ముద్ర వేశారు.

అప్పీలు రాశాను. నాన్న కింద సంతకం పెట్టాడు. వంకరగా, చాలాసేపు పట్టి, కుడిచేత్తో పెట్టాడు. అప్పీలు మూడు రోజుల్లో తిరిగొచ్చింది: 'రికార్డు ప్రకారం దరఖాస్తుదారు కుడిచేయి కదలదు. కావున ఈ సంతకం ఆయనది కాదు.'

ఎక్సర్‌సైజు అమ్మాయికి మెమో ఇచ్చి వేరే చోటికి మార్చారు. ఎక్కడికో అడిగితే, సిబ్బంది వివరాలు చెప్పరాదన్నారు. వెళ్లేరోజు ఆమె నాన్నకు ఆ కట్టుగుడ్డ చుట్ట ఇచ్చిపోయింది. మా ఇంటి దూలానికి తాడు కట్టుకుని, అందులో చేయి పెట్టి, పొద్దున్నా సాయంత్రమూ నాన్న దాన్ని గోడ మీదికి విసురుతున్నాడు. నిన్న సూదిలోకి దారం ఎక్కించాడు. ఇది ఏ రిజిస్టరులోనూ లేదు.

కాబట్టి పాఠకులకు ఒక్క మనవి. మీ వైపు ఏ ఆసుపత్రిలోనైనా చెప్పులు విడిచి నిలబడి బకెట్టులోకి కట్టుగుడ్డ విసిరే అమ్మాయి కనబడితే, ఆమె మా అమ్మాయే. కనబడకపోయినా ఆమెను కాస్త గుర్తుంచుకోండి. గుర్తుంచుకోవడానికి ప్రస్తుతానికి అనుమతి అక్కర్లేదట; మూడో అంతస్తులో కనుక్కున్నాను, ఫారం ఇంకా అచ్చులో ఉందన్నారు.