ఆరు సింహాలు, మూడు తోకలు

"రాసుకో తోమాసూ! ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, ఇంకా నాకు దొరకనివాళ్లు. మూడో రకాన్ని దేవుడు పుట్టించలేదు!"

పొద్దున్నే ఏడింటికి మా ఇంటి అరుగు మీద కూర్చుని, నా కాఫీ తాగుతూ వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు చేసిన ప్రకటన ఇది. రాసుకోవడానికి నా చేతిలో కాయితం లేదు, పళ్లు తోముకునే బ్రష్షు ఉంది. అయినా తలూపాను. ఊపకపోతే రెండోసారి చెబుతారు.

మేమిద్దరం తెనాల్లో ఒకే స్కూల్లో పనిచేశాం. ఆయన సోషల్, నేను డ్రిల్లు. ఒకే ఏడు రిటైరయ్యాం. రిటైరైనవాళ్లు పొద్దున్నే వాకింగుకి పోతారు, లేదా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఈయన కార్డులు కొట్టించారు. "డిటెక్టివ్ వేంకటసుబ్రహ్మణ్యం. నిజం నిద్రపోవచ్చు, నేను పోను" అని. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు, అది వేరే సంగతి. నేనాయన అసిస్టెంటుని. అర్హత ఏంటంటే నాకు స్కూటరుంది, ఆయనకి నడపడం రాదు.

ఉన్నమాట చెప్పాలి. పరీక్ష హాల్లో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. ఒకసారి శ్రావ్య, బిందు అని పక్కపక్కన కూర్చున్న పిల్లలిద్దరూ బుద్ధుడు బాపట్లలో పుట్టాడని రాశారు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి మాస్టారు గర్జించారు. "ఒప్పు ఇద్దరికీ కలవొచ్చు. తప్పు కలిసిందా, అది కాపీయే!" ఆ మాట స్కూలు గోడ మీద రాయించాలని కూడా చూశారు. హెడ్మాస్టారు ఒప్పుకోలేదు.

ఆ వేళ కాఫీ పూర్తి కాకముందే సుందరమ్మగారి ఫోనొచ్చింది. "మాస్టారూ, మా దివాణంలో దొంగలు పడ్డారండి!"

కలువగుంట దివాణం తెలియనివాళ్లుండరు. ఎవరింట్లో చూసినా క్యాలెండరు మీద ఉంటుంది. తెల్లటి స్తంభాలు, పద్దెనిమిది కిటికీలు, మెట్లకి అటో సింహం, ఇటో సింహం. సుందరమ్మగారు పెళ్లైన కొత్తలో వెళ్లి చూసి మనసు పారేసుకున్నారు. ఆ దివాణం ఇటు నడిచి రాదు కాబట్టి, అచ్చం అలాంటి ఫంక్షన్ హాలు కట్టించి, దానికీ దివాణమనే పేరు పెట్టేశారు. మొదట తెనాల్లో, తర్వాత బాపట్లలో, ఆ తర్వాత రేపల్లెలో. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. తెనాల్లో పెళ్లి భోజనం చేసి, రేపల్లెలో చేతులు కడుక్కున్నా తేడా తెలీదు. మూడూ కట్టింది బాజీ మేస్త్రి. నాలుగోదానికి చీరాలలో శుక్రవారం పునాది ముగ్గు పోయబోతున్నారు. అదీ బాజీకే అనుకున్నారు అందరూ.

మేం తెనాలి దివాణానికి వెళ్లేసరికి ఆవిడ ఎడమ సింహం వెనకాల నిలబడి ఉన్నారు. రంగులు వేయడానికి క్రోటన్ కుండీలు పక్కకి జరిపారట. జరిపితే ఏముంది, సింహానికి తోక లేదు. కుడి సింహానికి మాత్రం సుబ్బరంగా కుచ్చుతో సహా ఉంది.

"తలా తోకా లేని కేసులు చాలా చూశాను," అన్నారు మాస్టారు భూతద్దం తీసి. "తల ఉండి తోక లేని కేసు ఇదే మొదలు. తోమాసూ, ఇది మామూలు తోక కాదు."

"సిమెంటు తోకండి."

"అంతర్జాతీయ తోకల ముఠా!"

ఆయన మోకాళ్ల మీద పాకుతూ మట్టిలో ఓ చెప్పు గుర్తు కనిపెట్టారు. ఎనిమిదో నెంబరు, మడమ అరిగింది, ఎడమకాలు ఈడ్చి నడిచే మనిషి అని చెప్పారు. అది ఆయన చెప్పు గుర్తే. ఆ మాట నేను చెబితే, "హంతకుడు నా చెప్పులేసుకుని తిరుగుతున్నాడన్నమాట!" అన్నారు.

"హంతకుడెక్కడండీ, ఎవరూ చావలేదుగా?"

"ఇంకా చావలేదు."

బాజీ ఓ పక్కన తాపీ పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. సుందరమ్మగారు అడిగారు. "ఏం బాజీ, నీ పనివాళ్లెవరైనా విరిచారా?"

బాజీ తల దించుకున్నాడు. "వాళ్లనేం అనకండమ్మా. తప్పుంటే నాదే."

మాస్టారు నా చెవిలో, "విన్నావా? నేరం ఒప్పుకున్నాడు!" అన్నారు. ఆయన గుసగుస వీధి చివరి టిఫిన్ సెంటరుదాకా వినబడుతుంది. సుందరమ్మగారి మొహం మారిపోయింది. "శుక్రవారంలోగా తేల్చండి మాస్టారూ. నా కొంపలో తోకలు ఎత్తుకుపోయేవాడికి చీరాల పని ఎలా ఇస్తాను?"

బాజీ తాపీ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు నా స్కూటరు మీద బాపట్ల వెళ్లాం. పొన్నూరు దాటేదాకా మాస్టారు వెనక సీట్లో కూర్చుని, మమ్మల్ని ఎవరో వెంబడిస్తున్నారన్నారు. ఆగి చూస్తే సోడాల బండి. బాపట్ల దివాణంలో కుండీలు జరిపించాం. ఎడమ సింహానికి తోక లేదు! కుడిదానికి ఉంది!

మాస్టారు రొమ్ము మీద చెయ్యేసుకున్నారు. "సీరియల్ తోక దొంగ!"

నాకూ ఒళ్లు కొంచెం జలదరించిన మాట నిజం. అక్కణ్ణించి చెరుకుపల్లి మీదుగా రేపల్లె పోయేదారంతా ఆయన వేళ్లు మడిచి లెక్కలేశారు. మూడుచోట్లకీ రాకపోకలున్నవాడెవడు? కుండీల వెనక సందు తెలిసినవాడెవడు? సిమెంటు ఎక్కడ కొడితే విరుగుతుందో తెలిసినవాడెవడు?

"బాజీ!" అని ఒక్క కేక పెట్టారు. నేను ఉలిక్కిపడి స్కూటరు పంట కాలవలోకి దింపబోయాను.

రేపల్లెలో సుందరమ్మగారు కారులో ముందే వచ్చేసి ఉన్నారు. మాస్టారు ఫోన్ చేసి బాజీని కూడా పిలిపించారు. కుండీలు జరిపితే అక్కడా అంతే. మూడో తోకా లేదు. మాస్టారు టేపు తీసి, లేని తోక పొడవు కొలవడం మొదలుపెట్టారు.

నేను బాజీని పంపు దగ్గరికి తీసుకెళ్లాను. "ఒరే అబ్బాయ్, శుక్రవారం ఎల్లుండే. నిజం చెప్పు. తోకలేవి?"

"లేవండి."

"లేవని తెలుసు, ఏమయ్యాయి?"

"అసలే లేవండి." బాజీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అచ్చులోనే లేవు. అచ్చులు నాన్న చేసినయ్యి. కుర్రతనంలో కలువగుంట పోయి, నెలరోజులు అక్కడే ఉండి, కొలతలు తీసుకుని చేశాడు. కుడిదానికి తోక పెట్టాడు, ఎడమదానికి పెట్టలేదు. మర్చిపోయాడేమోనండి. పోయేముందు చూపు కూడా మందగించింది, అప్పుడే అచ్చులకి ఏవో మరమ్మతులు చేశాడు. అప్పుడు పోయిందేమో."

"మరి నువ్వు ఓ తోక అతికిస్తే పోయేదిగా?"

"ఉస్తాదు అచ్చు మీద చెయ్యి పెట్టకూడదండి. అందులోనూ నాన్న. అందుకే కుండీలు అడ్డం పెట్టించా."

"ఇదే మాట ఆవిడకి చెప్పు!"

"మా నాన్న, అంత పేరున్న జహీర్ మేస్త్రి, సింహానికి తోక పెట్టడం మర్చిపోయాడని నా నోటితో చెప్పనా సార్? దొంగ అంటే నన్నొక్కణ్ణే అంటారు. అననివ్వండి. మీరు కూడా చెప్పొద్దు, ఒట్టు."

ఏం మనిషండీ! చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే ఈ ముసలాయన వాణ్ణి నడిబజారులో నిలబెట్టేలా ఉన్నాడు.

నిలబెట్టనే నిలబెట్టాడు. మర్నాటి పెళ్లికి మంటపం కడుతున్నవాళ్లు, వంటవాళ్లు, పూలవాళ్లు అందరూ చుట్టూ మూగారు. మాస్టారు ఎడమ సింహం వెనక భాగాన్ని ఫోన్లో ఫొటో తీశారు. మెట్లెక్కి కుడి సింహం పక్కకి వెళ్లి, దాని తోక మీద దర్జాగా చెయ్యేసి నిలబడ్డారు.

"ఈ ఫొటో ఇప్పుడే పైవాళ్లకి పంపుతున్నాను! ఇంకో అరగంటలో ఈ దేశంలో ఏ విమానాశ్రయం నుంచీ సిమెంటు తోక దాటలేదు! ముద్దాయి ఎవరో తెలుసా? ఈ మూడు సింహాల తోకలూ తెంపిన ఆ క్రూరుడు..."

"మాస్టారూ, వద్దండీ," అన్నాను.

"...మీ మధ్యే ఉన్నాడు!" అని వేలు చాచి ఓ అడుగు వెనక్కేశారు. పూలవాళ్లు బంతిపూలు తడిపిన నీళ్లు మెట్ల మీదే ఉన్నాయి. కాలు జారింది. దొరికిందల్లా పట్టుకున్నారు. దొరికింది తోక.

ఠప్ మని విరిగింది.

మెట్ల కింద వెల్లకిలా పడి ఉన్నారు మాస్టారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కుచ్చుతో సహా తోక. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. అంతలో ఫోను మోగింది.

పడేటప్పుడు వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఆ ఫొటో పైవాళ్లకి పోలేదు. మా పాత టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి పోయింది. ఫోన్ చేస్తున్నది బుద్ధుణ్ణి బాపట్లలో పుట్టించిన శ్రావ్య. మాస్టారు ఇంకా తోకనే చూస్తుంటే నేనే ఫోను తీసుకుని స్పీకరు పెట్టాను.

"మాస్టారూ నమస్కారమండీ! మా దివాణానికి ఎప్పుడొచ్చారు? ఒక్క మాటైనా చెప్పలేదే!"

"మీ దివాణమేంటమ్మా?" అన్నాను.

"తోమాసు సారా? నేను కలువగుంటలోనే గైడుగా చేస్తున్నా కదండీ, నాలుగేళ్ల నుంచి. ఆ ఫొటో మా ఎడమ సింహానిదేగా? దాని వెనక్కి ఎవరూ వెళ్లరు, అందరూ ముందు నిలబడి సెల్ఫీలు దిగి పోతారు. మీరు ఎలా వెళ్లారా అని ఆశ్చర్యపోయా!"

"దానికి... మీ సింహానికి... తోక?" అన్నాడు బాజీ. వాడి గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. నేను గట్టిగా మళ్లీ అడిగాను.

"తోకెక్కడుందండీ! వందేళ్ల కిందటే పోయింది. జమీందారుగారి ఏనుగు ఒళ్లు దురదపెట్టి దానికి రాసుకుందట. మళ్లీ పెట్టించలేదు."

"అమ్మా, ఇది రేపల్లె," అన్నాను. "ఇది కాపీ."

అవతల ఒకటే నవ్వు. "తోక లేకపోవడం కూడా దించేశారా! ఎవరండీ ఆ మేస్త్రి? ఒప్పు కలవొచ్చు, తప్పు కలిస్తే కాపీయే అని మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి మరీ చెప్పారు. ఇంత నిఖార్సైన కాపీ నేనెక్కడా చూడలేదండీ!"

బాజీ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నాన్న మర్చిపోలేదు," అన్నాడు. "చూసే చేశాడు. నేనే నాన్నని... అల్లా, నేనే అనుమానపడ్డా." చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోవడం దేనికి.

సుందరమ్మగారు వచ్చి వాడి పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. "లే నాయనా. తప్పు నాది. శుక్రవారం ముగ్గు నువ్వే పొయ్యాలి. చీరాలలో మాత్రం ఎడమ సింహానికి తోక పెట్టావో, ఊరుకోను!"

అంతవరకూ వెల్లకిలా ఉన్న మాస్టారు లేచి దుమ్ము దులుపుకున్నారు. "తోమాసూ, రాసుకో. కేసు పరిష్కారమైంది. ముద్దాయి ఏనుగు. వందేళ్లుగా పరారీలో ఉంది."

"మరి ఆ చేతిలోది ఏంటండీ?" అన్నారు సుందరమ్మగారు.

మాస్టారు తోకని వెనక్కి దాచబోయారు. బాజీ కళ్లు తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా తీసుకున్నాడు. ఇనప చువ్వ పెట్టి, సిమెంటు కలిపి అతికించాడు. "ఆరేదాకా కదలకుండా ఎవరైనా పట్టుకోవాలమ్మా," అన్నాడు.

"ఎవరో ఎందుకు? మాస్టారున్నారుగా," అన్నారు ఆవిడ.

మూడు గంటలు పట్టుకున్నారు. మధ్యాహ్నం నిద్ర కూడా పోయింది. పెళ్లివారు వచ్చి సింహంతో, ఆయనతో కలిపి ఫొటోలు దిగారు. అడిగినవాళ్లకల్లా "నిఘాలో ఉన్నాను" అని చెప్పారు.

నేను ఎదురుగా కుర్చీ వేసుకుని రిపోర్టు రాశాను. ఈసారి నా దగ్గర కాయితముంది. ఎడమ తోకల ముద్దాయి ఏనుగు అని రాసి, దాని కింద కుడి తోక ముద్దాయి పేరు ఇంటిపేరుతో సహా రాసి, పైకెత్తి చూపించాను. మాస్టారు చదివి పళ్లు నూరారు. చింపేద్దామంటే చేతులు ఖాళీ లేవు.