నానో బోర్డు

“మందు కొట్టిన సగం వాడిపోయింది, కొట్టని సగం కళకళలాడుతోంది! ఎవరు చేశారీ పని?” మొక్కజొన్న చేలో నిలబడి శరత్‌చంద్ర అరిచిన అరుపుకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

అతను తిరువూరులో వ్యవసాయాధికారి. వానలు ముఖం చాటేసిన రెండువేల తొమ్మిది ఆగస్టు అది. తక్కువ నీటితోనూ పైరును నిలబెడుతుందన్న నానో జింకు మందును పెనుగొలను రోడ్డు పక్కన అంతోనయ్య చేలో పరీక్షిస్తున్నాడు. సగం చేనుకు మందు, మిగతా సగానికి ఉత్త నీళ్లు. మందు కొట్టిన వైపు “నానో” అని పెద్ద బోర్డు పెట్టించాడు. ఆఫీసు మనిషి గనక, బోర్డు ఎక్కడుంటే మందు అక్కడున్నట్టే అతనికి. కాసేపట్లో పెద్ద శాస్త్రవేత్త అనంతపద్మనాభంగారు జీపులో దిగుతారు. ఆయన పెదవి విరిస్తే ప్రయోగం ఆగిపోతుంది, శరత్‌చంద్ర మళ్లీ ఫైళ్లు కుట్టుకోవాలి.

“సార్, ఆ బోర్డు...” అన్నాడు అంతోనయ్య.

“బోర్డు సంగతి తర్వాత! ఆ సగానికి దొంగచాటుగా నీళ్లు పెట్టావు కదూ?”

“బోరే ఎండిపోయిందండీ. తాగడానికే లేవు.”

“అయితే మీ ఆవిడ పేడ ఎరువేసుంటుంది.”

అంతోనయ్య భార్య రిబ్కా కొడవలి కింద పెట్టింది. “మా గేదెల్ని నిరుడే అమ్మేశాం సార్. పేడ మీ ఆఫీసు నుంచి తెచ్చానంటారా?”

గట్టు మీద చేరినవాళ్లలో అంకారావు అనే పెద్ద రైతు గొంతు సవరించుకున్నాడు. “నానో అంటే బాగా చిన్నదనేగా సార్ మీరు చెప్పింది? మొక్కలూ చిన్నవయ్యాయి. మందు పనిచేసినట్టేగా!”

“మరి ఆ కంకులు తిన్నవాళ్లో?” అన్నారెవరో. ఇద్దరు తల్లులు గబగబా పిల్లల్ని చేలోంచి లాక్కుపోయారు.

శరత్‌చంద్ర బుర్ర గిర్రున తిరిగింది. అంతలో రోడ్డు మీద జీపు దుమ్ము లేచింది. అంతే! బోర్డు పీకాడు, భుజానేసుకుని పరిగెత్తాడు, పచ్చటి సగంలో పాతేశాడు.

“హమ్మయ్య!” అన్నాడు అంతోనయ్య.

“నోరెత్తావంటే ఊరుకోను!”

అనంతపద్మనాభంగారు జీపు దిగి, ఆకులు తడిమి మురిసిపోయారు. “భేష్! ఈ మందు మండలమంతా ఇచ్చేద్దామయ్యా!”

మండలంలోని చేలన్నీ వరసగా వాడిపోతూ శరత్‌చంద్ర కళ్లముందు కదిలాయి. ఇక తట్టుకోలేకపోయాడు. “క్షమించండి సార్! బోర్డు ఇప్పుడే మార్చాను. మందు కొట్టింది ఆ వాడిపోయిన దానికి.”

పెద్దాయన ముఖం మాడిపోయింది. “మోసమా?”

“కాదండీ,” అంతోనయ్య అడ్డొచ్చాడు. “మందు కొట్టింది నేను. మొదట్నుంచీ ఈ పచ్చటి సగానికే కొట్టాను. బోర్డూ ఇక్కడే ఉండేది. మొన్న పేపరువాళ్లు వచ్చినప్పుడు పీకి అటు పాతారు. ఇవాళ మళ్లీ సొంత చోటికొచ్చింది. పొద్దున్నుంచీ చెబుదామంటే సారు వింటేనా?”

శరత్‌చంద్రకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. “ఇంత కొంప ముంచిన వెధవ ఎవడు? పేరు చెప్పు!”

అంతోనయ్య నేలచూపులు చూశాడు. రిబ్కాకు మొహమాటాలు లేవు.

“మీరే, శరత్‌చంద్రగారూ! రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడాలని మీ చేత్తో పాతారు. ఫోటో మాత్రం బాగా వచ్చిందండీ.”