పైపు మీద జాలి

ఆ ఆదివారం పొద్దున నీలవేణి వేసుకున్న ప్లాను చిన్నదే. కొత్త గులాబీ రంగు తువ్వాళ్లు ఇంకోసారి ఉతికి ఆరేయాలి. భోజనానికి వచ్చే అత్తగారి తమ్ముడు త్రినాథరావు మావయ్యకు తన చేత్తో చేసిన శ్రీఖండ్ పెట్టి మెప్పు పొందాలి. తెనాలి నుంచి బిలాస్‌పూర్ కాపురానికి వచ్చి నెలైంది. ఊళ్లోని మోప్కా ప్రాంతంలో ఉన్న ఆ ఇంట్లో భర్త తర్వాత ఆమెకు బాగా నచ్చింది వాషింగ్ మెషిన్. అద్దంలో బట్టలు గిరగిరా తిరుగుతుంటే స్టూలు వేసుకుని మరీ చూసేది.

అత్తగారు అచ్చియమ్మ రోజూ అడిగేదే అడిగింది. "అమ్మీ, పైపు మీద జాలీ ఉందేటి? మనది సెప్టిక్ ట్యాంకు."

"చాలా ఉందత్తయ్యా."

అత్తగారిది శ్రీకాకుళం మాట కదా, 'జాలి'ని అలా సాగదీస్తారనుకుంది నీలవేణి. నిజమే, పాపం పాత పైపు! అందుకే బట్టలు కొంచెం కొంచెంగా, మెషిన్ మెల్లగా తిరిగేలా పెట్టి ఉతికేది. ఆ రోజు వంటింట్లోకి ఎవర్నీ రానివ్వకుండా, దొరికిన సన్నటి వలసంచీలో పెరుగు వడకట్టి శ్రీఖండ్ చేసింది.

మావయ్య రెండు గిన్నెలు లాగించాడు. "అప్పా, ఏటి కోడలు! చేతిలో అమృతముంది" అని అక్కతో అంటూ చేయి కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్లాడు. వెంటనే కేక వినబడింది. "అప్పా! నీళ్లు ఎల్లట్లేదు, ఎనక్కొస్తన్నాయి!"

ప్లంబర్ రాంప్రసాద్ వచ్చి పెరట్లో ట్యాంకుకెళ్లే పైపు విప్పాడు. పిల్లికూనంత గులాబీ నూగుముద్ద జారి పడింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

"జాలీ కహాఁ హై, భాభీ?" జాలీ ఎక్కడని నీలవేణిని అడిగాడు రాంప్రసాద్.

అందరూ తనవైపే తిరిగారు. నీలవేణి మెల్లగా జవాబిచ్చింది. "మనసులో ఉంది."

భర్త నాగేంద్ర తల పట్టుకున్నాడు. "నీలూ! జాలీ అంటే ఇక్కడ వల! నూగు ట్యాంకులోకి పోకుండా పైపు మూతికి కట్టే సంచీ!"

ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఎమ్మెస్సీ చదివి, నెల్లాళ్లు ఒక పైపు మీద జాలిపడింది! ఆ నూగుముద్దతో పాటు తననూ ఎవరైనా ఎత్తి పారేస్తే బాగుండుననిపించింది.

"మరి పాత మెషిన్‌కి కట్టిన సంచీ నీకోసమే మెషిన్ మీద ఎట్టాను కదా! అదేటైంది?" అచ్చియమ్మ గొంతు పెంచింది.

నీలవేణి తలెత్తకుండానే వంటింటి వైపు వేలు చూపింది. తలుపులోంచి కనిపిస్తోంది. కడిగి కొక్కేనికి ఆరేసిన తెల్లని సంచీ చుక్కలు చుక్కలుగా కారుతోంది.

అచ్చియమ్మ సంచీని చూసింది. తమ్ముణ్ణి చూసింది. తానూ ఒక గిన్నె తిన్నట్టు గుర్తొచ్చి, తెరిచిన నోరు మూసేసింది.

"ఏటప్పా? ఏటి చేసింది కోడలు?" అన్నాడు మావయ్య.

"దాని తప్పేటీ లేదు. ఆ సంచీ నేనే పారేశాను." అచ్చియమ్మ గబగబా వెళ్లి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"అచ్ఛా. అయితే ఆ శ్రీఖండ్ ఇంకో గిన్నె ఎట్టించు."

ఆ పూట ఆ ఇంట్లో అందరికీ ఎవరో ఒకరి మీద జాలే. లేనిదల్లా పైపుకే.